తొమ్మిది రోజుల పండుగకు రెండు గంటల హాలు



 ఈ సభలో మాకు ఇచ్చిన అంశం "నగరంలో మన రుతువుల పండుగలు: ఏర్పాట్లు ఎలా చేసుకోవాలి" అన్నది. వినడానికి చిన్న విషయమే. హాలు ఎక్కడ, మైకు ఎవరిది, భోజనాలు ఎన్ని అన్న లెక్కలాగే ఉంటుంది. కానీ ఆ లెక్కలోనే మన పాట, మన మాట, మన ఆడపిల్లల పండుగ నిలబడతాయో పోతాయో తేలిపోతుంది. అందుకే కమిటీలో మేమంతా కూర్చుని మాట్లాడుకున్న విషయాలను మీ ముందు పెడుతున్నాం.

ముందుగా, మనం ఎప్పుడూ నాంపల్లి, అబిడ్స్ చుట్టుపక్కలే ఎందుకు కలుస్తున్నామో చెప్పుకుందాం. బంజారా హిల్స్‌లో 2022 సెప్టెంబరు 17న సేవాలాల్ బంజారా భవన్ ప్రారంభమైంది. అది మనందరికీ గర్వకారణం, పెద్ద సభలు అక్కడ జరుపుకోవచ్చు. అయినా చిన్న సభ అనగానే చాలామంది నాంపల్లే అంటారు. కారణం మన కాళ్లకు తెలుసు. వికారాబాద్, తాండూరు వైపు తండాల వాళ్లు రైలెక్కితే నాంపల్లి స్టేషన్‌లో దిగవచ్చు. దేవరకొండ, మహబూబ్‌నగర్, అచ్చంపేట వైపు నుంచి బస్సులో వచ్చినవాళ్లు గౌలిగూడలోని మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లో దిగితే ఇక్కడికి దగ్గర. ఇప్పుడు మెట్రో కూడా నాంపల్లి, గాంధీభవన్ మీదుగానే పోతోంది. తెల్లవారి వచ్చి, చీకటి పడకముందే తిరిగి తండాకు పోగలిగే చోటు ఇది. తెలుగు విశ్వవిద్యాలయం ఆడిటోరియం, పబ్లిక్ గార్డెన్స్, బొగ్గులకుంటలో తెలంగాణ సారస్వత పరిషత్తు హాలు అన్నీ దగ్గరదగ్గరే. సాహిత్య సభలకు, సాంస్కృతిక కార్యక్రమాలకు దశాబ్దాలుగా అలవాటు పడ్డ ప్రాంతం ఇది.

ఈ ప్రాంతానికీ తన రుతువులు ఉన్నాయి. మృగశిర కార్తె వచ్చిందంటే చేప ప్రసాదం కోసం ఎగ్జిబిషన్ మైదానానికి దేశం నలుమూలల నుంచి జనం వస్తారు. అది వానాకాలం మొదలైందని నాంపల్లి చెప్పే మాట. ఆషాఢంలో బోనాలు. భాద్రపదంలో గణేశ్ నిమజ్జనం ఊరేగింపు మొజంజాహీ మార్కెట్, అబిడ్స్ మీదుగానే హుస్సేన్ సాగర్‌కు పోతుంది. యూసుఫైన్ దర్గాలో ఉర్సు జరుగుతుంది. చలికాలంలో నుమాయిష్. 1938లో ఉస్మానియా పట్టభద్రుల చొరవతో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైన ఆ ప్రదర్శన 1946లో ఇప్పుడున్న మైదానానికి మారింది. సాధారణంగా జనవరి 1న మొదలై ఫిబ్రవరి 15 దాకా సాగుతుంది. ఫిబ్రవరి 15 అనగానే మీకు గుర్తొచ్చి ఉంటుంది, అదే మన సేవాలాల్ మహరాజ్ జయంతి. నుమాయిష్ చివరి రోజు రద్దీ, మన జయంతి సభ ఒకే రోజు, ఒకే వీధుల్లో పడుతున్నాయన్నమాట. ఏర్పాట్లు చేసేవాళ్లు మొదట చూసుకోవాల్సింది ఇలాంటి సంగతులే. ఇంకొకరి పండుగ క్యాలెండర్ తెలియకుండా మన పండుగను ఈ ప్రాంతంలో పెట్టుకోలేం.

ఇక అసలు విషయానికి వద్దాం.

ఈ మధ్య ఏ వేడుక అయినా "థీమ్ ఏంటి?" అని అడుగుతున్నారు. పుట్టినరోజుకు థీమ్, సంగీత్‌కు థీమ్, కాలేజీ వార్షికోత్సవానికి థీమ్. ఆ వరుసలో "బంజారా థీమ్", "ట్రైబల్ థీమ్" కూడా వచ్చాయి. అద్దాల గుడ్డ వెనక కట్టి, రంగు గొడుగులు వేలాడదీసి, అద్దెకు తెచ్చిన ఘాగ్రాలతో నలుగురు పిల్లలు డీజే పాటకు అడుగులేస్తే థీమ్ పూర్తయినట్టే. బయటివాళ్ల వేడుకలో అలా జరిగితే నవ్వి ఊరుకోవచ్చు. కానీ మనవాళ్లు జరిపే తీజ్ సభల్లోకి కూడా అదే పద్ధతి మెల్లగా వస్తోంది. సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా హాలు. అయిదున్నర దాకా అతిథుల కోసం ఎదురుచూపు. గంటసేపు ఉపన్యాసాలు, శాలువాలు. మిగిలిన అరగంటలో బజారులో కొన్న ప్లాస్టిక్ గడ్డి బుట్ట నెత్తిన పెట్టుకుని పిల్లల నాట్యం. ఫోటో తీస్తే తీజ్ లాగే కనిపిస్తుంది. అందులో ఒక్క గింజ కూడా మొలకెత్తి ఉండదు.

మేము చెప్పదలచుకున్నది ఒక్కటే. మన పండుగకు బయటి నుంచి థీమ్ వెతకనక్కర్లేదు, రుతువే దాని థీమ్. రుతువుకు కొన్ని రోజులు పడతాయి. ఆ రోజులను లెక్కలోకి తీసుకుని ఏర్పాట్లు చేస్తే నగరంలో కూడా పండుగ పండుగలా ఉంటుంది. వాటిని వదిలేస్తే ఎంత ఖర్చు పెట్టినా అది ప్రదర్శనే అవుతుంది.

తీజ్‌నే తీసుకుందాం. చిన్నపిల్లలు చాలామంది ఉన్నారు కాబట్టి, తెలిసిన పెద్దలు ఏమనుకోకుండా కొంచెం వివరంగా చెప్పనివ్వండి. శ్రావణ మాసంలో, వానలు పడి, చేలల్లో విత్తనం పడ్డాక వచ్చే పండుగ ఇది. చాలా తండాల్లో గోకులాష్టమి నాటికి ముగిసేలా చూసుకుంటారు. పెళ్లికాని ఆడపిల్లలంతా కలిసి నాయక్ దగ్గరికి పోయి అనుమతి అడుగుతారు. నాయక్ సరే అన్నాకే పండుగ. గోధుమలు నానబెడతారు. బుట్టల్లో పుట్టమన్ను, పశువుల ఎరువు కలిపి నింపి, ఆ నానిన గోధుమలు చల్లుతారు. నాయక్ ఇంటి ముందు పందిరి వేసి బుట్టలను ఎత్తున పెడతారు. ఆ రోజు నుంచి పిల్లలు పొద్దునా సాయంత్రం బావికి పోయి నీళ్లు తెచ్చి పోస్తారు. నీళ్లు పోస్తున్నంతసేపూ పాట. సాయంత్రం అయ్యాక పందిరి చుట్టూ ఆట. తొమ్మిది రోజులూ నియమంగా ఉంటారు. కొన్ని తండాల్లో ఉప్పు, కారం లేని తిండే తింటారు.

మొదట్లోనే బోరడి ఝష్కేరో అని ఒక వేడుక ఉంది. రేగు ముళ్లకు ఆడపిల్లలు నానిన శనగలు గుచ్చుతుంటారు. వరసైన మగపిల్లలు ఆ కొమ్మను పట్టుకుని ఊపుతుంటారు. ముల్లు గుచ్చుకున్నా నవ్వుతూనే గుచ్చాలి. ఓర్పుకు పరీక్ష అది. చివరి రోజుల్లో ఢమోళి వస్తుంది. రొట్టెలు నలిపి, బెల్లం, నెయ్యి కలిపి చుర్మా చేసి నైవేద్యం పెడతారు. మట్టితో గణగోర్ బొమ్మలు చేస్తారు. తొమ్మిదో రోజు జానెడు ఎత్తు పెరిగిన మొలకలను పెద్దలకు పంచుతారు. మగవాళ్లు వాటిని తలపాగాలో పెట్టుకుంటారు. తర్వాత బుట్టలు నెత్తిన పెట్టుకుని చెరువుకో వాగుకో పోయి నీళ్లలో కలుపుతారు. అక్కడ అన్నదమ్ములు అక్కచెల్లెళ్ల కాళ్లు కడుగుతారు. ఆ గట్టు మీద ఏడవని ఆడపిల్ల ఉండదు. పెళ్లయిపోతే వచ్చే ఏడు బుట్ట పట్టే హక్కు ఉండదు కదా. ఎవరికి ఇది చివరి తీజో అక్కడున్న అందరికీ తెలుసు.

ఇప్పుడు ఆలోచించండి. ఇందులో రెండు గంటల్లో జరిగేది ఏది? మొలక రెండు గంటల్లో రాదు. నీళ్ల వరసలు రెండు గంటల్లో పూర్తికావు. అన్నిటికన్నా ముఖ్యం, పాట రెండు గంటల్లో రాదు. మన గోర్ బోలికి సొంత లిపి లేదు. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో ఇంకా చోటు లేదు. బడిలో పాఠంగా చాలామంది పిల్లలకు అందదు. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలంగాణలో మనవాళ్లు 20 లక్షలకు పైగా ఉన్నారు. ఇంతమంది మాట్లాడే భాషకు బడి ఎక్కడుంది అంటే, తీజ్ పందిరి కిందే ఉంది. తొమ్మిది రోజులు, రోజుకు రెండు పూటలు, పెద్దమ్మాయి పాడితే చిన్నమ్మాయి అందుకోవడం. పద్దెనిమిది పాఠాలు. పదేళ్ల పిల్ల ఆ పందిరి కింద నాలుగేళ్లు గడిపితే అత్తగారింటికి పోయేనాటికి ఆమే ఇంకొకరికి నేర్పగలదు. ఆ పద్దెనిమిది పూటలు తీసేసి చివరి అరగంట మాత్రమే ఉంచితే, పిల్లకు అడుగులు వస్తాయి, పాట రాదు. పాట పెన్ డ్రైవ్‌లో వస్తుంది.

"తండా పద్ధతి తండాకే సరి, నగరంలో ఎలా?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఇంట్లో అద్దెకుంటున్నాం, బావి లేదు, పిల్లలకు బడి, మాకు ఆఫీసు. అందుకే మా ప్రతిపాదన ఇది. హాలును తొమ్మిదో రోజుకు మాత్రమే తీసుకుందాం. మిగతా ఎనిమిది రోజుల పండుగను ఇళ్లలో, హాస్టళ్లలో జరుపుకుందాం.

అది ఎలాగో వరసగా చెబుతాం.

తేదీని రెండు నెలల ముందే పెద్దలతో కూర్చుని నిర్ణయించుకోవాలి. తొమ్మిదో రోజు ఆదివారం పడేలా చూసుకుంటే అంతకు ముందు శనివారం మొదలవుతుంది. అప్పుడు మొదటి రోజుకూ, చివరి రోజుకూ సెలవు కలిసొస్తుంది. వినాయక చవితి రోజులకు తగలకుండా శ్రావణంలోనే ముగించుకోవాలి. చవితి పందిళ్లు పడ్డాయంటే మొజంజాహీ మార్కెట్ నుంచి బషీర్‌బాగ్ దాకా మన చేతిలో ఉండదు.

మొదటి శనివారం ఒకే చోట కలుద్దాం. పెద్ద హాలు అక్కర్లేదు, ఎవరి ఇంటి మేడ అయినా చాలు. నాయక్ స్థానంలో ఒక పెద్దాయనను కూర్చోబెట్టి పిల్లలే పోయి అనుమతి అడగాలి. ఇది నాటకం కాదు, పిల్లలు పెద్దవాళ్లతో గోర్ బోలిలో మాట్లాడే మొదటి సందర్భం. ముందు రాత్రి నానబెట్టిన గోధుమలు అక్కడే పంచాలి. గోధుమలు, శనగలు, బెల్లం బేగంబజారులో, ఉస్మాన్‌గంజ్‌లో టోకు ధరకు దొరుకుతాయి. బుట్టలు మేదరి వాళ్ల దగ్గరే కొందాం. ప్లాస్టిక్ టబ్బులు వద్దు. నీళ్లు నిలిచి గింజ కుళ్లిపోతుంది, చివర్లో నీళ్లలో కలపడానికి కూడా పనికిరాదు. మన్ను, ఎరువు మాత్రం తండా నుంచి వచ్చేవాళ్లు ఒక్కో సంచి తెస్తే బాగుంటుంది. పండుగకు వాళ్లు తెచ్చే కట్నం అదే అనుకుందాం.

రెండో రోజు నుంచి ఎనిమిదో రోజు దాకా బుట్ట ఎవరింట్లో వాళ్లది. హాస్టల్ అయితే వార్డెన్ అనుమతితో వరండాలో ఒక మూల. బాగా వెలుతురు తగిలే చోట పెడితే మొలక ఆకుపచ్చగా వస్తుంది. నీడలో ఉంచితే పసుపు రంగులో, సన్నగా పొడుగ్గా వస్తుంది. ఏది కావాలో మీ తండా ఆచారం చూసుకోండి. పొద్దున బడికి పోయే ముందు పది నిమిషాలు, సాయంత్రం అరగంట. బావి లేకపోతే నల్లా నీళ్లే, కానీ బిందెలో పట్టి తెచ్చి పోయాలి, పైపుతో కాదు. పోస్తున్నప్పుడు పాడాలి. పాట రాని ఇంట్లో తండాలో ఉన్న అమ్మమ్మకు ఫోన్ కలపండి. స్పీకర్ పెట్టండి. ఆమె అక్కడ పాడితే పిల్ల ఇక్కడ అందుకుంటుంది. రికార్డు పాట వేరు, ఇది వేరు. రికార్డు పాట తప్పు దిద్దదు. అమ్మమ్మ దిద్దుతుంది.

చదువు పాడవుతుందని భయపడే తల్లిదండ్రులకు ఒక మాట. రోజుకు నలభై నిమిషాలు. ఇంతకన్నా ఎక్కువ సమయం పిల్లలు ఫోన్‌లో చూసే డాన్సు వీడియోలకు పోతోంది.

తొమ్మిదో రోజు హాలు. అందరి బుట్టలూ ఒక్కచోటికి వస్తాయి. ఆ రోజు వేదిక అలంకరణకు డబ్బు అక్కర్లేదు, నలభై యాభై పచ్చని బుట్టలే అలంకరణ. కావాలంటే జాంబాగ్ నుంచి నాలుగు మూరల బంతిపూలు తెచ్చుకుందాం. ఉపన్యాసాలు అరగంటకు మించకూడదు. ఇప్పుడు మేము మాట్లాడుతున్నంతసేపు కూడా కాదు, నవ్వకండి. మిగతా సమయమంతా పిల్లలదీ, పాడే యాడీలదీ. డీజే లేకుండా, నంగారా మీద. మొలకలు అతిథులకు శాలువాల బదులు ఇద్దాం. తలపాగాలో పెట్టుకునే గౌరవం శాలువాకు తక్కువేమీ కాదు.

నీళ్లలో కలిపే సంగతి. హుస్సేన్ సాగర్ ఇక్కడికి దగ్గరే. ఆ రోజు పోలీసు, మున్సిపల్ అనుమతి దొరికితే ఊరేగింపుగా పోదాం. దొరక్కపోతే నగరపాలక సంస్థ నిమజ్జనాలకు కట్టిన చిన్న కొలనులు ఉన్నాయి. బుట్టలో ఉన్నది మన్ను, గింజ, వేరు మాత్రమే కాబట్టి ఏ నీటికీ చెరుపు లేదు. తండాకు పోగలిగినవాళ్లు కొన్ని మొలకలు తీసుకుపోయి తమ వాగులో కలపండి. ఎక్కడైనా సరే, అన్నదమ్ములు కాళ్లు కడిగే వేడుక మాత్రం మానవద్దు. తమ్ముళ్లూ, మీకు ఈ పండుగలో పని లేదనుకోకండి. రేగు కొమ్మ పట్టేది మీరే, పందిరి వేసేది మీరే, చివరికి నీళ్ల చెంబు పట్టేదీ మీరే.

ఇక డబ్బు. మామూలుగా బడ్జెట్ రాసేటప్పుడు మొదటి పద్దు హాలు, రెండోది స్టేజీ, మూడోది భోజనాలు. చివర్లో ఏమైనా మిగిలితే కళాకారులకు. మేము దీన్ని తిరగరాయమంటున్నాం. మొదటి పద్దు పాట తెలిసిన యాడీలకు ఉండాలి. మూడు నాలుగు తండాల నుంచి అయిదారుగురు పెద్దమ్మలను చివరి మూడు రోజులు నగరానికి పిలిపించుకుందాం. రానుపోను ఖర్చులు, ఉండడానికి మనలో ఎవరిదైనా ఇల్లు, చేతికి గౌరవంగా కొంత మొత్తం. వాళ్లు హాస్టళ్లకు పోయి పిల్లలతో కూర్చుంటారు. ఒక్క ఫ్లెక్సీ ధర తగ్గించుకుంటే ఒక యాడీ బస్సు చార్జీ వస్తుంది. మనుషులు పోయాక సంతాప తీర్మానాలు చేయడం మనకు తెలుసు. 2024 జూన్‌లో కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య వెళ్లిపోయారు. అదే ఏడాది అక్టోబరులో మర్లవాయి గుస్సాడీ కనకరాజు వెళ్లిపోయారు. ఇద్దరూ పద్మశ్రీలు. వాళ్ల వెంట ఎంత పాట, ఎంత అడుగు వెళ్లిపోయిందో లెక్కగట్టేవాళ్లు లేరు. మన తండాల్లో పద్మశ్రీ రాని యాడీలు ఇంకా ఉన్నారు. వాళ్లు ఉండగానే పిలుచుకుందాం.

తీజ్ గురించే ఇంతసేపు చెప్పాం. మిగతా పండుగల మాట కూడా క్లుప్తంగా చెప్పుకోవాలి, ఎందుకంటే అన్నిటినీ హాలుకు తేవాలన్న తొందర మంచిది కాదు.

ఆషాఢంలో సీత్లా భవానీ పండుగ. మంగళవారం నాడు తండా పొలిమేరలో ఏడుగురు భవానీలను నిలిపి, పశువులు, పిల్లలు చల్లగా ఉండాలని మొక్కుకునే పండుగ. పశువులు దాటాలి, గుగ్గిళ్లు చల్లాలి. నాంపల్లి హాల్లో పశువు ఎక్కడిది? ఇది తండా పండుగ. దీన్ని వేదిక మీద నటించి చూపించే కన్నా, ఆ మంగళవారం సెలవు పెట్టి పిల్లలను తండాకు తీసుకుపోవడమే మేలు. సంఘం చేయాల్సిన ఏర్పాటు హాలు కాదు, బస్సు.

దీపావళి అమావాస్య రాత్రి మేరా. ఆడపిల్లలు దీపాలు పట్టుకుని ఇంటింటికీ పోయి, ఆ ఇంటివాళ్లు చల్లగా ఉండాలని పాడతారు. మర్నాడు అడవికి పోయి పూలు తెస్తారు. నగరంలో అడవి లేదు కానీ ఇళ్లు ఉన్నాయి. ఒకే కాలనీలో మనవాళ్ల ఇళ్లు అయిదు ఉన్నా చాలు, పిల్లలు దీపం పట్టుకుని పోవచ్చు. దీనికి రూపాయి ఖర్చు లేదు, చమురు తప్ప. దీన్ని హాలుకు తెస్తే ఇంటింటికీ పోవడమన్న అర్థమే పోతుంది.

హోలీకి లేంగీ పాటలు, గేర్యాలు, గేరణీల సరదా, ఆ ఏడాది పుట్టిన మగబిడ్డకు ధూండ్ వేడుక. ధూండ్ ఆ బిడ్డ ఇంటి ముందే జరగాలి. అయితే లేంగీ పాటల పోటీ మాత్రం హోలీకి వారం ముందు హాల్లో పెట్టుకోవచ్చు. పెద్దలకూ చిన్నలకూ నవ్వులు దొరికే పాటలవి.

సేవాలాల్ జయంతి మాత్రం హాలుకు, మైదానానికి తగిన పండుగ. మహరాజ్ 1739 ఫిబ్రవరి 15న పుట్టారని మనం జరుపుకుంటాం. గుత్తి దగ్గరి సేవాగఢ్‌కు, మహారాష్ట్రలోని పోహ్రాదేవికి జనం పోతారు. వెళ్లలేనివాళ్లు ఇక్కడ భోగ్ భండారో చేసుకోవాలి, అర్దాస్ చెప్పుకోవాలి, అందరూ ఒకే పంక్తిలో తినాలి. ఒక్కటే జాగ్రత్త, ముందు చెప్పిన నుమాయిష్ రద్దీ. నాంపల్లిలో ఆ రోజు పెట్టుకుంటే పొద్దున తొమ్మిదికి మొదలుపెట్టి మధ్యాహ్నం మూడుకల్లా ముగించాలి. ఊళ్లనుంచి వచ్చినవాళ్లు సాయంత్రం జనంలో చిక్కుకోకుండా స్టేషన్ చేరుకుంటారు. పిల్లలు నుమాయిష్ చూస్తామంటే చూడనివ్వండి, అదీ పండుగే.

ఇంకో ముఖ్యమైన మాట, బట్టల గురించి. ఫేట్యా, కాంచళి, టుక్రి మీద కుట్టే అద్దాలు, గవ్వలు, పూసలు ఒక్కొక్కటీ ఏళ్ల పని. 2023లో హంపిలో జి20 సంస్కృతి సమావేశం జరిగినప్పుడు 450 మందికి పైగా మన అక్కాచెల్లెళ్లు కుట్టిన 1,755 వస్తువులను ఒక్కచోట ప్రదర్శిస్తే గిన్నిస్ రికార్డు వచ్చింది. ఆ చేతిపనికి ప్రపంచంలో అంత విలువ ఉంటే, మన వేడుకలో అద్దెకు తెచ్చిన తళుకుల ఘాగ్రా ఎందుకు? పాత ఫేట్యా పెట్టెలో ఉంటే పిల్లకు వేయండి, చిరిగినా సరే. లేకపోతే మామూలు లంగా ఓణీ, సల్వార్ వేసుకున్నా తప్పు లేదు. తీజ్‌కు కావాల్సింది బుట్ట, నియమం, పాట. ఎవరైనా బయటివాళ్లు వాళ్ల వేడుకకు మన బట్టలు, ఆట కావాలని అడిగితే, కుట్టినవాళ్లకు, ఆడినవాళ్లకు తగిన ధర ఇమ్మని, అది ఎవరి పండుగో పేరు చెప్పమని అడుగుదాం.

అదే మర్యాద మనం ఇతర ఆదివాసీ సోదరుల పట్ల కూడా పాటించాలి. "గిరిజన సాంస్కృతిక కార్యక్రమం" అనగానే గుస్సాడీ టోపీ తెచ్చి ఎవరో ఒక కుర్రాడి నెత్తిన పెట్టే పద్ధతి వద్దు. ఆ నెమలి పింఛాల టోపీ గోండులకు దైవంతో సమానం. దండారీ రోజుల్లో గుస్సాడీలు స్నానం కూడా చేయకుండా నియమం పాటిస్తారు. అది వాళ్లే చేయాలి, వాళ్ల రోజుల్లోనే చేయాలి. మనం వాళ్లను అతిథులుగా పిలుద్దాం, వాళ్ల పండుగకు మనం పోదాం. మన పండుగను ఇంకొకరు వేషంగా వేసుకుంటే మనకు ఎలా ఉంటుందో తెలిసినవాళ్లం కాబట్టి చెబుతున్నాం.

కొందరు మిత్రులు అంటారు, "కాలం మారింది, పండుగ కూడా మారుతుంది, ఇంత పట్టుదల ఎందుకు?" అని. మారుతుంది, కాదనడం లేదు. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసిన మన పెద్దలు ఊరూరా తిరుగుతూ, ఎక్కడ విడిది చేస్తే అక్కడే బుట్ట పెట్టి తీజ్ చేసుకున్నారు. వాళ్ల విడిది మారింది, నీళ్లు మారాయి, మన్ను మారింది. తొమ్మిది రోజులు మాత్రం వదల్లేదు. మన విడిది ఇప్పుడు నగరం. మన మేడ మీద కూడా గోధుమ గింజ మొలుస్తుంది, దానికి తండా, పట్నం తేడా తెలియదు. ఇదే నగరంలో బతుకమ్మ చూడండి. తొమ్మిది రోజులు వీధి వీధినా ఆడతారు కాబట్టి పట్నం పిల్లలకు కూడా పాట వస్తోంది. చివరి రోజు ఒక్కటే ఆడితే వచ్చేదా? ఉస్మానియా విశ్వవిద్యాలయంలో మన విద్యార్థులు తీజ్ జరుపుకుంటున్నారు. అలా ప్రతి హాస్టల్‌లో నాలుగు బుట్టలు ఉంటే చాలు.

ఈ అబిడ్స్‌కు ఆ పేరు ఆరో నిజాం కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ అబిడ్ పెట్టిన దుకాణం వల్ల వచ్చింది. అప్పటి నుంచీ ఇక్కడ కావాల్సినవన్నీ తయారుగా దొరుకుతాయి. బట్ట దొరుకుతుంది, నగ దొరుకుతుంది, ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకం కూడా దొరుకుతుంది. తయారుగా దొరకనిది తొమ్మిది రోజుల మొలక ఒక్కటే. దాన్ని ఇంట్లో పెంచుకోవాల్సిందే.

కాబట్టి ఈ సభ ముగిసేలోపు మూడు పనులు చేద్దామని కమిటీ తరఫున కోరుతున్నాం. ఒకటి, వచ్చే తీజ్‌కు బుట్ట పెట్టే ఆడపిల్లల పేర్లు, వాళ్ల తల్లుల పేర్లు బయట బల్ల దగ్గర రాయించండి. రెండు, మీ తండాలో పాట తెలిసిన పెద్దమ్మలు ఎవరెవరున్నారో చెప్పండి, వాళ్లకు కబురు పంపే బాధ్యత మేము తీసుకుంటాం. మూడు, తేదీ నిర్ణయించడానికి ప్రతి తండా నుంచి ఒక పెద్దమనిషి నిలబడండి. గోధుమలు కొనే ఖర్చు సంఘానిది. మన్ను మాత్రం మీరే తేవాలి.